తాగించేది సర్కారు.. తాళం మనకా?

రాత్రి పదకొండు దాటింది. వడ్డాది జంక్షన్ మీదుగా మా వీధిలోకి ఒక తెల్ల కారు వచ్చి ఆగింది. నలుగురు దిగారు. అరుగు మీద పడుకున్న మా చిన్నాన్న కొడుకుని చేతులు వెనక్కి విరిచి, నోటికి తువ్వాలు బిగించి, కారులో కుక్కారు. వీధి కుక్కలు మొరిగే లోపల కారు చోడవరం రోడ్డెక్కింది. వాళ్లు పోలీసులు కాదు, దొంగలు కాదు. నగరం శివార్లలో బోర్డు పెట్టుకున్న ఒక 'మందు మాన్పించే సెంటర్' మనుషులు. పిలిపించింది ఎవరో కాదు, మా ఇంటివాళ్లే. ఒప్పుకున్న పెద్దమనుషుల్లో నేనూ ఒకణ్ని.

మూడు నెలల డబ్బు ముందే కట్టించుకున్నారు. మరదలి పుస్తెలతాడు తాకట్టుకు పోయింది. ముప్పావు ఎకరం చెరకు మడి కౌలుకు పోయింది. తొంభై రోజుల తర్వాత తమ్ముడు తిరిగొచ్చాడు. ఒళ్లు చేసి, గడ్డం గీసుకుని, పెళ్లికొడుకులా ఉన్నాడు. ఊరంతా వచ్చి చూసింది. నాలుగో రోజు సాయంత్రం జంక్షన్‌లో క్వార్టర్ సీసాతో దొరికాడు.

"అక్కడ డాక్టరేం చెప్పాడ్రా?" అని అడిగాను. "డాక్టరెవడన్నా? పొద్దున ప్రార్థన, మధ్యాహ్నం గిన్నెలు తోమడం, ఎదురు మాట్లాడితే దెబ్బలు" అన్నాడు.

అంటే మనం వైద్యానికి డబ్బు కట్టలేదు. జైలుకు అద్దె కట్టాం!

ఇది మా ఒక్క ఇంటి కథ అయితే ఈ పేజీకి ఎక్కించేవాణ్ని కాదు. చోడవరం, మాడుగుల, రావికమతం, బుచ్చెయ్యపేట.. ఏ ఊళ్లో అడిగినా ఇలాంటి కథ ఒకటి వినిపిస్తుంది. తాగుడు మాన్పించాలంటే మనిషిని ఎక్కడికో తీసుకెళ్లి తాళం వేయాలి, ఎంత ఎక్కువ కాలం వేస్తే అంత మంచిది అనే మూఢనమ్మకం మన బుర్రల్లో పాతుకుపోయింది. ఆ నమ్మకం మీదే వ్యాపారం నడుస్తోంది. ఆ నమ్మకం చాటునే సర్కారు చేతులు దులుపుకుంటోంది. అందుకే ఈ మాట సూటిగా చెప్పాలి. తాగుబోతుల్లో ఎక్కువమందికి కావలసింది తొంభై రోజుల తాళం కాదు. ఇంటి దగ్గర ఉంటూ, పనికి పోతూ, వారం వారం చూపించుకునే వైద్యం. బెడ్డు కొందరికే కావాలి, కొద్ది రోజులే కావాలి. అయితే అది ప్రాణం మీదకు వచ్చే వేళ కావాలి. ఈ రెండూ మన దగ్గర్లో పెట్టాల్సింది ఎవరు?

గల్లాపెట్టె లెక్క

ముందు డబ్బు లెక్క చూద్దాం. 2024 అక్టోబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 3,396 మద్యం దుకాణాలను లాటరీ తీసి ప్రైవేటు వాళ్లకు అప్పగించింది. ఒక్కో దరఖాస్తుకు ఫీజు 2 లక్షలు. లాటరీ తగిలినా తగలకపోయినా ఆ సొమ్ము వాపసు లేదు. దాదాపు 90 వేల దరఖాస్తులు వచ్చాయి. అంటే ఒక్క సీసా అమ్మకముందే, కేవలం దరఖాస్తు కాగితాల మీద, దాదాపు 1,800 కోట్లు ఖజానాలో పడ్డాయి. ఆపైన 99 రూపాయలకే క్వార్టర్ అని గొప్పగా ప్రకటించారు. అంతకు ముందు ప్రభుత్వం తక్కువ తిన్నదా? 2019 అక్టోబరు నుంచి సర్కారే స్వయంగా కొట్లు తెరిచి, సర్కారు జీతగాళ్ల చేత సీసాలు అమ్మించింది. ఆ హయాంలోనే 2020లో రాష్ట్రం మొత్తానికి 15 డీ-అడిక్షన్ కేంద్రాలు ప్రారంభించి, పెద్ద పండగలా చెప్పుకున్నారు.

ఒక చేత్తో 3,396 దుకాణాలు. ఇంకో చేత్తో 15 కేంద్రాలు. ఈ రెండు అంకెలు పక్కపక్కన రాసి గోడకు అంటించండి చాలు, వేరే ఉపన్యాసం అక్కర్లేదు. జెండా రంగు మారింది, గల్లాపెట్టె మారలేదు.

అంతకు ముందు చరిత్ర కూడా ఇంతే. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు చీపురుకట్టలు పట్టుకుంటే, 1993 అక్టోబరు 1న సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది. 1997లో ఖజానా ఖాళీ అయిందని దాన్ని ఎత్తేశారు. తెరవడం, మూయడం, మళ్లీ తెరవడం.. అన్నీ కొట్టు గురించే. కొట్టు ముందు పడి ఉన్న మనిషి గురించి ఎవరు ఆలోచించారు?

మన ప్రాంతం సంగతి మరీ చోద్యం. చెరకు మనది, గానుగ మనది, బెల్లం మనది. ఆ బెల్లంలో పాడైన నల్లబెల్లం నాటుసారాగా మారి మళ్లీ మన పేగుల్నే కాలుస్తుంది. పైన ఏజెన్సీలో పండిన గంజాయి పాడేరు ఘాటీ దిగి, మాడుగుల మీదుగా మన రోడ్ల వెంబడే కిందికి పోతుంది. మోసినవాడు మన కుర్రాడు, జైలుకు పోయినవాడు మన కుర్రాడు, మోస్తూ మోస్తూ పీల్చడం మరిగినవాడూ మన కుర్రాడే. 2021లో పోలీసులు 'ఆపరేషన్ పరివర్తన' పేరుతో వేల ఎకరాల్లో గంజాయి తోటలు నరికారు. మంచిదే. మొక్కను పీకారు, సరే. పీల్చడం మరిగిన గుంటడికి ఏం చేశారు?

శాస్త్రం ఏమంటోంది?

'ఇంట్లో ఉంచితే మానతాడా? పగలు మాత్ర మింగి, రాత్రి తాగి వస్తాడు' అంటారు. సందేహం న్యాయమైనదే. దానికి జవాబు నేను చెప్పనక్కర్లేదు, దేశదేశాల్లో చేసి చూశారు.

1989లో అమెరికాలో ఒక ప్రసిద్ధ వైద్య పత్రికలో ఒక పరిశోధన వచ్చింది. తాగుడు మానేటప్పుడు వచ్చే బాధలు తక్కువగానో ఓ మోస్తరుగానో ఉన్న 164 మంది మాజీ సైనికుల్ని తీసుకున్నారు. కొందర్ని ఆసుపత్రిలో పడుకోబెట్టారు. మిగతావాళ్లను రోజూ వచ్చి చూపించుకుని, మందులు తీసుకుని ఇంటికి పొమ్మన్నారు. ఆసుపత్రిలో ఉన్నవాళ్లలో నూటికి 95 మంది ఆ మొదటి దశ పూర్తి చేశారు. వచ్చిపోయేవాళ్లలో 72 మంది పూర్తి చేశారు. ఇక్కడితో ఆగితే బెడ్డే గెలిచింది. కానీ ఆరు నెలల తర్వాత మళ్లీ వెళ్లి చూస్తే ఇద్దరి మధ్యా చెప్పుకోదగ్గ తేడా మిగలలేదు. ఖర్చులో మాత్రం తేడా ఉంది. బెడ్డు ఖర్చు దాదాపు పది రెట్లు!

అంతకు ముందే 1977లో లండన్‌లో వంద మంది మగవాళ్ల మీద ఇంకొక పరిశోధన అచ్చయింది. సగం మందికి సకల వైద్యం అందుబాటులో పెట్టారు. సగం మందికి భార్యాభర్తల్ని కలిపి కూర్చోబెట్టి ఒక్కసారి గట్టిగా సలహా చెప్పి పంపారు. ఏడాది తర్వాత రెండు గుంపులూ దాదాపు ఒకేచోట ఉన్నాయి. వైద్యం దండగ అని దీని అర్థం కాదు. వైద్యం ఎంత ఖరీదైతే అంత గొప్పది అనుకోవడం దండగ అని అర్థం.

మరి మన దేశం సంగతి? 2019లో కేంద్ర ప్రభుత్వం కోసం ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లు దేశమంతా సర్వే చేసి నివేదిక ఇచ్చారు. మద్యానికి పూర్తిగా బానిసలైనవాళ్లలో ఎంతో కొంత వైద్యం దొరికింది 38 మందిలో ఒక్కడికి. ఆసుపత్రిలో ఉండి చేయించుకునే వైద్యం దొరికింది 180 మందిలో ఒక్కడికి. అందరికీ బెడ్డు వేద్దామంటే వందేళ్లు పడుతుంది. ఈలోగా మిగతా 179 మంది ఏం కావాలి? అందుకే దేశం నిండా వచ్చిపోయే క్లినిక్‌లు పెంచాలని వైద్యులు మొత్తుకుంటున్నారు. పంజాబ్ అలా పెట్టి చూపించింది. హెరాయిన్ తిని పాడైన కుర్రాళ్ల కోసం 2017 అక్టోబరు నుంచి ఓపీ క్లినిక్‌లు తెరిచి, నాలుక కింద పెట్టుకునే మాత్ర ఇస్తూ పనికి పంపుతోంది. పంజాబ్ చేయగలిగింది మనవాళ్లకు చేతకాదా?

మన అనుభవంలోనే ఒక రుజువు ఉంది. కార్తీకం వస్తే మన ఊళ్లలో పచ్చి తాగుబోతులు కూడా అయ్యప్ప మాల వేస్తారు. 41 రోజులు చుక్క ముట్టరు. ఎక్కడ ఉంటారు? ఇంట్లోనే. పనికి పోతారు, జంక్షన్ దాటుతారు, కొట్టు ముందు నుంచే నడుస్తారు. తాళం వేసిందెవరు? ఎవరూ లేరు. పక్కన పదిమంది స్వాములు ఉంటారు, పొద్దున్నే చన్నీళ్ల స్నానం ఉంటుంది, వీధంతా 'స్వామీ' అని పిలుస్తుంది. ఆ మర్యాదే కాపలా! మాల తీసిన మర్నాడు ఆ పదిమందీ ఉండరు, పిలుపూ ఉండదు. మనిషి మళ్లీ కొట్టు దగ్గరే తేలతాడు. నలభయ్యొక్క రోజులు మాన్పించింది గోడలు కాదు, నలభై రెండో రోజు పడగొట్టిందీ గోడలు లేకపోవడం కాదు. పక్కన మనుషులు ఉండడం, లేకపోవడం. తొంభై రోజుల సెంటర్‌కూ ఇదే జబ్బు. తొంభై ఒకటో రోజున వాళ్ల లెక్కలో మనిషి లేడు.

బెడ్డు తప్పనిసరి ఎవరికి?

ఇంత చదివి 'అయితే బెడ్డే వద్దు, ఇంట్లో కట్టేస్తాం' అనుకుంటే కొంప మునుగుతుంది. ఈ భాగం ఇంట్లో పెద్దగా చదవండి.

ఏళ్ల తరబడి పొద్దున్నే తాగడం అలవాటైనవాడు ఒక్కసారిగా మానేస్తే ప్రాణం పోవచ్చు. మానిన కొన్ని గంటల నుంచి రెండు రోజుల లోపల ఫిట్స్ రావచ్చు. రెండో రోజు నుంచి నాలుగో రోజు లోపల మతి తప్పి, లేని పురుగులు గోడల మీద కనబడి, ఒళ్లు మండి, చెమటలు కారి, గుండె పరుగెత్తి మనిషి పడిపోవచ్చు. మన ఊళ్లలో దీన్ని 'గాలి సోకింది' అని భూతవైద్యుడి దగ్గరకు తీసుకుపోతారు. అది గాలీ కాదు, ధూళీ కాదు. మందుకు అలవాటు పడ్డ మెదడు మందు లేక చేసే తిరుగుబాటు. దానికి మందులు ఉన్నాయి, బీ1 విటమిన్ సూదులు ఉన్నాయి. సకాలంలో ఆసుపత్రి చేరితే మనిషి బతుకుతాడు. పశువుల శాలలో కట్టేస్తే చచ్చిపోతాడు.

కాబట్టి వీళ్లకు బెడ్డు తప్పదు: ఇదివరకు మానినప్పుడు ఫిట్స్ వచ్చినవాడు, మతి తప్పినవాడు. పచ్చకామెర్లు, రక్తపు వాంతులు, గుండె జబ్బు ఉన్నవాడు. చచ్చిపోతానని ప్రయత్నం చేసినవాడు. మందుతో పాటు నిద్రమాత్రలకు కూడా అలవాటు పడ్డవాడు. గంజాయి పీల్చి, చెవిలో మాటలు వినబడుతున్నాయని, ఎవరో చంపడానికి వస్తున్నారని అనేవాడు. తాగని పెద్దమనిషి ఇంట్లో ఒక్కరు కూడా లేనివాడు. ఓపీ వైద్యం నిజంగా చేయించుకుని కూడా రెండు మూడుసార్లు జారిపోయినవాడు. మద్యం మానేటప్పుడు వచ్చే ఆ మొదటి గండానికి చాలామందికి వారం పదిరోజుల బెడ్డు చాలు. ఆపైన నెలలపాటు ఉంచాల్సినవాళ్లు ఉంటారు, కానీ కొద్దిమంది. అది డాక్టరు చూసి చెప్పాలి గానీ రేటు కార్డు చూసి కాదు.

ఇంకొక హెచ్చరిక. 'తెలియకుండా కూరలో కలపండి, మానేస్తాడు' అని పొడులు అమ్మేవాళ్లు సంతల్లో తిరుగుతుంటారు. మద్యం పడకుండా చేసే అసలు మాత్ర ఒకటి ఉంది. దాన్ని రోగికి చెప్పి, రక్తపరీక్షలు చేసి, డాక్టరు ఇవ్వాలి. చెప్పకుండా కలిపితే వాడు ఆ పూట తాగి వస్తాడు, బీపీ పడిపోయి ప్రాణం పోవచ్చు. ప్రేమతో కలిపిన కూరే విషమవుతుంది.

చుక్క దొరక్కపోతే ఏమవుతుందో సర్కారుకు తెలియదా? తెలుసు. 2015 సెప్టెంబరులో తెలంగాణలో కల్తీకల్లు మీద ఒక్కసారిగా దాడులు చేస్తే, మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటు పడ్డ కూలీలు పిచ్చెత్తినట్టు ఎర్రగడ్డ ఆసుపత్రికి బారులు తీరారు. 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అదే ఎర్రగడ్డకు మళ్లీ అదే వరద. ఆ ఏడాది జూలై నెలాఖరున ప్రకాశం జిల్లా కురిచేడులో దుకాణాలు మూతపడితే శానిటైజర్ తాగి పదిమందికి పైగా పోయారు. ముందుగా పీహెచ్‌సీకి మాత్రలు పంపి, ఆ తర్వాత కొట్టు మూసి ఉంటే వాళ్లంతా పోయేవాళ్లా?

'వచ్చిపో' అంటే ఎంత దూరం?

ఇక్కడ మన ప్రాంతపు అసలు గొడవ మొదలవుతుంది. వచ్చిపోయే వైద్యం మంచిదని పుస్తకం చెబుతుంది. వచ్చిపోవాల్సింది ఎక్కడికి? వడ్డాది నుంచి విశాఖ చినవాల్తేరు మానసిక వైద్యశాలకు దాదాపు 60 కిలోమీటర్లు. గుంతల బీఎన్ రోడ్డు మీద బస్సెక్కి, బస్సు మారి, లైన్లో నిలబడి, చీటీ రాయించుకుని, మందులు తీసుకుని ఇల్లు చేరేసరికి చీకటి. ఇద్దరి బస్సు చార్జీలు, ఇద్దరి కూలి పోయింది. చెరకు నరికే సీజన్లో వారానికొక రోజు ఎవడు వదులుకోగలడు? మొదటి వారం వెళ్తారు. రెండో వారం వెళ్తారు. మూడో వారం 'ఒగ్గీ' అంటారు. అప్పుడు డాక్టరు కాగితం మీద రాసుకుంటాడు: రోగి సహకరించలేదు!

సహకరించనిది రోగి కాదు, దూరం. వచ్చిపోయే వైద్యం అంటే వచ్చిపోగల దూరంలో ఉండాలి. కొట్టు నడక దూరంలో, మాత్ర అరవై కిలోమీటర్ల దూరంలో పెట్టి 'నీకు మనోబలం లేదు' అని తిడితే అది వైద్యం కాదు, వెక్కిరింపు. 2022 ఏప్రిల్‌లో అనకాపల్లిని జిల్లా చేశారు. కలెక్టరు వచ్చాడు, ఎస్పీ వచ్చాడు, ఎక్సైజు ఆఫీసు వచ్చింది. మన కొట్టు మీద లెక్క రోజుకు రోజు పైకి పోతోంది. మన పేగు మీద లెక్క ఎవరి దగ్గర ఉంది? జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం అనేది దేశంలో 1996లోనే మొదలైంది. పీహెచ్‌సీ డాక్టరుకు శిక్షణ ఇచ్చి, మందులు ఊరి దగ్గరే ఇవ్వాలన్నదే దాని మూలం. దాదాపు ముప్పై ఏళ్లు గడిచాక కూడా మనం చినవాల్తేరు బస్సు కోసం ఎదురు చూడాలా?

వనరులు మనవి, రాబడి వాళ్లది, రోగం మనది. ఈ లెక్క నీళ్లలో చూశాం, ఉద్యోగాల్లో చూశాం. మందులో కూడా అదే లెక్క!

మా మరదలు వేసిన ప్రశ్న

ఇదంతా మా మరదలికి చెప్పాను. ఆమె చాటలో బియ్యం చెరుగుతూ విని, తల ఎత్తకుండా అంది: "బావా, మీ లెక్కలు మీకాడే ఉంచండి. ఆ మూడు నెల్లూ నానూ, నా గుంటలూ కంటి నిండా నిద్దరోయాం. అందుకే పుస్తెలు తాకట్టెట్టాను. మందు మానతాడని కాదు."

నా దగ్గర జవాబు లేదు. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఆ మాటే. వాడుకున్నవాళ్లు తప్పు చేశారని తేలిగ్గా తీర్పు చెప్పే పెద్దమనుషులు ముందు ఆ నిద్ర సంగతి చెప్పాలి. ఆమె కొన్నది వైద్యం కాదు, తొంభై రాత్రుల భద్రత. దానికి ఆమె మంగళసూత్రం పెట్టాల్సి రావడమే మనకు సిగ్గు.

కానీ అమ్మా, ఆ భద్రత నీకు హక్కుగా రావాలి. 2005 గృహహింస చట్టం కింద ఆ ఇంట్లో ఉండే హక్కు నీది, కొట్టేవాణ్ని దూరంగా ఉంచమని కోర్టు ఉత్తర్వు అడిగే హక్కు నీది. దానికోసం జిల్లాలో రక్షణ అధికారి ఉండాలి. ఆ దారి మనకు ఎవరూ చూపించలేదు కాబట్టే తెల్ల కారు దారి పట్టాం. పైగా ఆ తాళం నీకిచ్చింది అప్పు తెచ్చుకున్న నిద్ర. తొంభై ఒకటో రోజు తిరిగొచ్చిన మనిషికి మందు కసి తగ్గలేదు, దాని మీద నిన్ను చూస్తే కొత్త కసి ఒకటి పెరిగింది. 'నన్ను పట్టించింది నువ్వే' అని.

ఓపీ వైద్యం గురించి గొప్పలు చెప్పే డాక్టర్లూ ఒక మాట వినాలి. 'ఇంటి దగ్గర వైద్యం' అని మీరు రాసే చీటీ అర్థం ఏమిటి? మాత్ర ఇచ్చేది భార్య, కాపలా కాసేది భార్య, తన్నులు తినేది భార్య. జీతం లేని నర్సుగా ఆమెను పెట్టి ఖర్చు తగ్గిందని చెప్పుకోవడం అన్యాయం. ఆ మాత్ర పీహెచ్‌సీలో నర్సు చేతుల మీదుగా మింగించాలి. క్షయ రోగికి కళ్లెదుట మందు మింగించిన సర్కారు, తాగుడు రోగికి ఎందుకు మింగించదు? ఆశా కార్యకర్తకు ఆ పనికి వేరే డబ్బు ఇచ్చి ఇంటింటికీ పంపాలి. అప్పుడే అది ఇంటి దగ్గర వైద్యం. లేకపోతే ఇంటి మీద పడేసిన వైద్యం.

సెంటర్ గేటు దగ్గర అడగండి

ఇంత చెప్పినా కొందరికి బెడ్డు కావాలి, కొందరు ప్రైవేటుకే పోతారు. పోండి. కానీ కళ్లు తెరుచుకుని పోండి. తమిళనాడు ఎరవాడిలో 2001 ఆగస్టు 6న మానసిక రోగుల్ని గొలుసులతో కట్టిన ఒక ప్రైవేటు కేంద్రం తగలబడితే, గొలుసులు తెంచుకోలేక 28 మంది కాలి చచ్చిపోయారు. గొలుసు ఎప్పుడూ కాపాడదు.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. మద్యం, మత్తు వల్ల వచ్చే మానసిక స్థితులు కూడా దాని కిందికి వస్తాయి. ఆ చట్టం ప్రకారం ఏ రూపంలోనైనా గొలుసుతో కట్టడం నిషేధం. మనిషి ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే సైకియాట్రిస్టు, ఇంకొక నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి, అదీ మొదట 30 రోజులకు మించకూడదు. అర్ధరాత్రి నలుగురు బలిసినవాళ్లు వచ్చి ఎత్తుకుపోవడం చేర్చుకోవడం కాదు, కిడ్నాప్! మేమే చేయించిన తప్పు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

గేటు దగ్గర ఈ ఆరు ప్రశ్నలు అడగండి. రాష్ట్ర మానసిక ఆరోగ్య అథారిటీ రిజిస్ట్రేషన్ కాగితం ఏది? సైకియాట్రిస్టు ఎవరు, వారంలో ఎన్నిసార్లు వస్తాడు? మొదటి ఐదు రాత్రులు ఫిట్స్ వస్తే చూసే నర్సు ఎవరు? ఇంటివాళ్లు ఫోన్ చేయొచ్చా, ఎప్పుడైనా వచ్చి చూడొచ్చా? మొత్తం ఖర్చు కాగితం మీద రాసిస్తారా? ఇంటికి పంపాక ఆరు నెలలు ఎవరు చూస్తారు? ఆరో ప్రశ్నకు నీళ్లు నమిలితే వెనక్కి వచ్చేయండి. ఇన్ని ప్రశ్నలకూ నిలబడే మంచి కేంద్రాలు దేశంలో ఉన్నాయి. వాళ్లకు ఈ వ్యాసం తగలదు. తగిలినవాళ్లు భుజాలు తడుముకోవచ్చు.

గంజాయి కుర్రాళ్ల తల్లిదండ్రులకు ఇంకొక మాట. 'ఆసుపత్రికి తీసుకెళ్తే పోలీసులకు పట్టిస్తారు' అని భయపడి దాచకండి. మాదకద్రవ్యాల చట్టంలో 64ఏ అనే సెక్షన్ ఉంది. వాడుకం కేసులోనో, చిన్న మొత్తం దొరికిన కేసులోనో ఉన్న బానిస తనంతట తాను ప్రభుత్వ ఆసుపత్రిలోనో గుర్తింపు ఉన్న కేంద్రంలోనో చికిత్సకు వస్తే ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ ఉంటుంది. చికిత్స పూర్తి చేయాలి, అదొక్కటే షరతు. ఈ సెక్షన్ గురించి మన స్టేషన్ల గోడ మీద ఒక్క కాగితమైనా అంటించారా?

ఊరికే బెడ్డు రావాలి

బెడ్డా, ఓపీనా అని మనల్ని మనలో మనం కొట్టుకోనివ్వడమే పాలకులకు సుఖం. నిజానికి రెండూ ఒకే తాడు రెండు కొసలు. ఆ తాడు ఎలా పేనాలో పక్క రాష్ట్రం చూపించింది. చెన్నైలో శాంతి రంగనాథన్ అనే ఆవిడ 1980లో మద్య వ్యసన చికిత్స కోసం ఒక సంస్థ పెట్టింది. అందరూ చెన్నై రాలేరని గ్రహించి, 1989 నుంచి కావేరీ డెల్టాలో మంజక్కుడి అనే పల్లెలో శిబిరం మొదలుపెట్టింది. రెండు వారాల పాటు ఊళ్లోనే చోటు, అక్కడే డాక్టరు, అక్కడే మందులు. భార్యలకూ తరగతులు, ఆ తర్వాత నెల నెలా కలుసుకోవడం. రోగి ఆసుపత్రికి పోలేదు, ఆసుపత్రే ఊరికి నడిచొచ్చింది. మనకు కల్యాణ మండపాలు లేవా? వేసవిలో ఖాళీగా ఉండే బడులు లేవా? మాల వేసినప్పుడు 41 రోజులు కాపాడే స్వాముల గుంపు మన వీధిలోనే లేదా?

అందుకే ఈ పత్రిక ద్వారా మనం అడుగుతున్నది భిక్ష కాదు, మన సొమ్ములో మన వాటా.

మన మండలాల్లో అమ్మే మద్యం మీద వచ్చే రాబడిలో నూటికి రెండు రూపాయలు ఇక్కడి చికిత్సకే ఖర్చు పెట్టాలి. ఆ లెక్క ఏటా గ్రామసభలో చదివి వినిపించాలి.

చోడవరం, మాడుగుల ఆసుపత్రుల్లో వారానికి రెండు రోజులు తాగుడు, గంజాయి ఓపీ నడపాలి. అందులో ఒకటి సంత రోజున, కూలి పోని వేళలో పెట్టాలి. మందులు పీహెచ్‌సీలోనే ఇవ్వాలి.

అనకాపల్లి జిల్లా ఆసుపత్రిలో మొదటి వారం గండం దాటించే బెడ్లు, రాత్రి నర్సుతో సహా, మనవాళ్ల కోసం పక్కన పెట్టాలి. ఆడవాళ్లకు, మైనర్లకు వేరే గది ఉండాలి.

ఏడాదికి రెండుసార్లు వడ్డాది లాంటి జంక్షన్ ఊళ్లలో రెండు వారాల శిబిరం పెట్టాలి.

జిల్లాలో ఉన్న ప్రతి ప్రైవేటు సెంటర్‌నూ తనిఖీ చేసి, రిజిస్ట్రేషన్ ఉన్నవాటి జాబితా ఊరూరా అంటించాలి.

ఇవన్నీ వచ్చేదాకా చేతులు కట్టుకుని కూర్చోవద్దు. మత్తు మానడానికి కేంద్రం పెట్టిన 14446 నంబరుకూ, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే 14416 నంబరుకూ ఫోన్ చేయొచ్చు, డబ్బులు పడవు. మానాలనుకున్నవాడు ఒక్కసారిగా మానకుండా ముందు డాక్టరుకు చూపించుకోండి.

మా తమ్ముడి సంగతి చెప్పి ముగిస్తాను. తెల్ల కారు తర్వాత ఏడాదికి వాడు తనంతట తానే చినవాల్తేరు బస్సెక్కాడు. మొదటి వారం రోజులు బెడ్డు మీద ఉన్నాడు, ఆపైన ఓపీ. మూడుసార్లు జారాడు, నాలుగుసార్లు లేచాడు. బస్సు చార్జీలకు వీధిలో పదిమందిమి తలా కొంత వేసుకున్నాం, ఒక్కోవారం ఒక్కొక్కళ్లం తోడు వెళ్లాం. ఈ సంక్రాంతికి తాగి ఉన్నాడా అంటే లేడు. ఉగాదికి ఉంటాడా అంటే నేను ప్రమాణం చేయను. కానీ మరదలు తలుపు గడియ పెట్టకుండా పడుకుంటోంది.

పదిమంది తలా కొంత వేసుకుని చేసిన పని, మన నోటి దగ్గర నుంచి 1,800 కోట్లు లాక్కున్నవాళ్లు చేయలేరా? చేయలేకపోతే కాదు.. చేయరు, అడిగే గొంతు లేదని! రేపు మన ఊరికి మంత్రి వస్తాడు, ఎమ్మెల్యే వస్తాడు. దండ వేసే ముందు అడగండి: కొట్టు మా ఇంటి పక్కనే పెట్టారు సరే, డాక్టర్ని ఎక్కడ పెట్టారు?